కుండలపేట వంతు

1

ఈ రోజు వదిలిన పేట: పాలపేట. అక్కడ నిలబడింది: సాయిలు.

పాలపేట వాళ్లు తిట్టారు. తిట్టాలి మరి. పాల డబ్బాలు వరసగా పెట్టుకుని నిలబడ్డ మనుషుల ముందు నుంచి బండి ఆగకుండా పోతే ఎవరైనా తిడతారు. ఒకామె నా మొహం మీదకి డబ్బా మూత విసిరింది. తీసి మళ్లీ ఆమెకే ఇచ్చాను.

"బండి లేదని చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా ముసలోడా? మైకుల చెప్తే అయిపోవు గద!" అంది.

"మైకుల చెప్తే మూత ఎవల మీద విసురుతవు?" అన్నాను.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. కానీ సాయంత్రం ఒక గ్లాసు మజ్జిగ పంపింది.

తూర్పు సొరంగంలోకి మళ్లీ నీళ్లు వస్తున్నాయి. పైన నేల ఎక్కడో కుంగింది. మోటార్లు పెట్టి తోడుతున్నారు. నేల కింది ఈ లోపట్నం కరెంటులో సగం ఆ మోటార్లే తాగుతున్నాయి. మిగిలిన సగంతో బండ్లన్నిటినీ పడమటి సొరంగంలోకి మళ్లించి ఒకే పట్టా మీద తిప్పాలి. అన్ని పేటల్లో ఆగితే బండి వెనక బండి ఇరుక్కుపోతుంది. అందుకని రోజుకొక పేటలో ఆగకుండా పోవాలి.

ఏ బండి ఎటు మళ్లాలో మిషనమ్మ చూసుకుంటుంది. గోడల్లో ఉండే ఆ మిషన్‌కు కన్ను మూత లేదు. ఒక్క పని మాత్రం అది చేయకూడదు. ఏ పేటను వదలాలో చెప్పకూడదు. ఒకప్పుడు చెప్పేది. జనం తక్కువున్న పేటలు చూసి వదిలేది. దాని లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఎప్పుడూ అవే పేటలు. చివరికి ఆ పేటల జనమంతా పోయి పట్టాల మీద కూర్చున్నారు. అప్పటి నుంచి, వదిలే మాట మనిషి నోటి నుంచే రావాలని కట్టుబాటు. ఆ మనిషిని కాగితాల్లో మళ్లింపు అధికారి అంటారు. జనం నీరటి అంటారు. మనవాళ్లు ఇంకా నేల మీద, ఎండలో బతికిన కాలంలో పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలేవాణ్ణి అలా పిలిచేవారట. ఇప్పుడు నీళ్ల బదులు బండ్లు.

నీరటి వంతు తప్పకూడదు. వదిలే ముందు ఆ పేటలో ఎవరున్నారని అడగాలి. వదిలిన పేట ప్లాట్‌ఫారం మీద, ఆ జనం మధ్యలో, పొద్దు గడిచేదాకా నిలబడాలి. ఏం జరిగిందో సొంత చేత్తో ఈ పుస్తకంలో రాయాలి. నెలాఖరుకు ఈ పుస్తకాన్ని ప్రతి పేటలో చదివి వినిపిస్తారు.

నా చేతికి గేట్ల గొలుసులు లాగడం తెలుసు, అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. కాబట్టి చదివే అమ్మా, నిదానంగా చదువు. నేను నిదానంగానే రాశాను.

2

ఈ రోజు వదిలిన పేట: నూలుపేట. అక్కడ నిలబడింది: సాయిలు.

నిన్న మిషనమ్మ అడిగింది: "సాయిలు గారూ, రేపు ఎవరిని వదలమంటారు?"

"నూలుపేట వంతు. ఎవలున్నరు ఆడ?"

"ఆసుపత్రికి వెళ్లవలసినవారు లేరు. పెళ్లివారు ఉన్నారు, పదకొండు మంది."

"పెళ్లోళ్లు నడుస్తరు. నూలుపేట."

"దయచేసి ధ్రువీకరించండి."

"ఒక్కసారి చెప్తే సరిపోదా నీకు? నూలుపేట అంటే నూలుపేటనే."

పెళ్లివాళ్లు మేళం పెట్టుకుని పక్క పట్టా వెంట నడిచిపోయారు. పెళ్లికొడుకు మాత్రం నన్ను చూసి పళ్లు కొరికాడు. ప్లాట్‌ఫారం మీద మిగిలిన మగ్గం పనివాళ్లతో కూర్చున్నాను. ఓదెలు అనే ఆయన బీడీ వెలిగించి అడిగాడు.

"నీరటీ, మేడపేట వంతు ఎప్పుడొస్తదే?"

"వస్తది."

"వస్తదని మా నాయన గూడ చెప్పిండు. ఆయన పోయిండు గని వంతు రాలే."

అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో రాయాలి. రాసి తీరాలి.

నాకు ముందు చాలా ఏళ్లు నీరటిగా చేసింది నరహరి. ఉండేది మేడపేట. ఏ ప్లాట్‌ఫారం మీదా ఒక్కరోజు నిలబడలేదు. తన గదిలో మైకు పెట్టించుకున్నాడు. మెత్తని గొంతు. నెయ్యి పోసినట్టుండేది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ రోజు కుండలపేటలో బండి ఆగదు. అసౌకర్యానికి చింతిస్తున్నాం." లోపట్నంలో ఆ గొంతు తెలియనివాళ్లు లేరు. మొహం తెలిసినవాళ్లు తక్కువ. పిల్లలు ఆటల్లో కూడా ఆ గొంతే పెట్టి వెక్కిరించేవాళ్లు. మేడపేటకు వంతు రాకుండానే ఏళ్లు గడిచాయి. మిషన్ చెడిందనేవాడు. ప్రత్యేక పరిస్థితి అనేవాడు.

నరహరి నా బావ. నా భార్య కిష్టవ్వకు సొంత అన్న.

ఆ రోజు కిష్టవ్వకు గుండెలో నొప్పి వచ్చింది. కుండలపేట ప్లాట్‌ఫారానికి మోసుకొచ్చి, బెంచీ మీద ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముందు రోజే మా పేటను వదిలారు, కాబట్టి ఈ రోజు బండి ఆగుతుందని ధీమాగా ఉన్నాను. బండి వచ్చింది. లైట్లు వేసుకుని, కిటికీల నిండా పట్టుచీరలతో, మా ముందు నుంచి పోయింది. మేడపేటలో నరహరి మనవరాలికి ఓణీల ఫంక్షన్. చుట్టాలు టైముకు అందాలి. పైన మైకు గొట్టంలో నుంచి వాళ్లన్న గొంతు వినబడుతూనే ఉంది, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. కిష్టవ్వ ఆ గొంతు విని కళ్లు తెరిచింది. "మా అన్న" అంది. అన్న వచ్చాడనుకుంది. తర్వాతి బండి వచ్చేసరికి నా ఒళ్లో బరువు మాత్రమే ఉంది.

నరహరి దిగిపోయాక పేటలన్నీ చేతులెత్తి నన్ను నీరటిని చేశాయి. ఎందుకు ఒప్పుకున్నానో అందరికీ తెలుసు. నేనూ దాచుకోలేదు. కూర్చున్న మొదటి రోజే మేడపేటను వదిలి ఉండొచ్చు. వదల్లేదు. నేను మంచివాణ్ణని కాదు. వంతు తప్పించి వదిలితే జనం వాడి మీద జాలిపడతారు. వాడి మీద జాలిపడే మనిషి ఈ లోపట్నంలో ఒక్కడు కూడా మిగలకూడదు.

కాబట్టి ఆగాను. నాకు ఆగడం తెలుసు.

3

ఈ రోజు వదిలిన పేట: దీపాలపేట. అక్కడ నిలబడింది: సాయిలు.

నీళ్లు పెరిగాయి. తూర్పు సొరంగంలో మోకాలు దాటి నడుము దాకా వచ్చాయి. ఇంకో రెండు మోటార్లు దించారు. అంటే ఇంకొంచెం కరెంటు పోయినట్టు. రేపటి నుంచి బండ్ల సంఖ్య తగ్గుతుంది. వదిలిన పేటకు పొద్దంతా బండి ఉండదు.

ఒకప్పుడు నీళ్లు రావాలని జనం మొక్కేవాళ్లట. ఇప్పుడు పోవాలని మొక్కుతున్నారు.

సాయంత్రం మిషనమ్మతో మామూలుగా మాట్లాడాను.

"రేపు మేడపేట వంతు. ఎవలున్నరు?"

"డయాలసిస్ పాసు ఉన్నవారు ఒకరు. నరహరి గారు. రేపు వారు ఆసుపత్రి పేటకు వెళ్లవలసిన రోజు."

కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. గోడకున్న కిష్టవ్వ ఫోటో వైపు చూడలేదు. చూస్తే నవ్వు వచ్చేది.

"వంతు మార్చుకునే వీలుంది సాయిలు గారూ. పాలపేటవారిని అడగమంటారా?"

"పాలపేటోళ్లు మొన్ననే పోగొట్టుకున్నరు. మల్లెందుకు అడుగుతవు?"

"రోగి ఉన్నారు కాబట్టి."

"మా కిష్టవ్వ ఉన్నప్పుడు ఎవల్ని అడిగినవు?"

"అప్పుడు నన్నెవరూ అడగలేదు సాయిలు గారూ. ఎవరున్నారని అడగకుండానే ఆజ్ఞ వచ్చింది."

ఇది నాకు తెలియదు. అడిగి, తెలిసి కూడా వదిలాడని ఇన్నేళ్లు అనుకున్నాను. వాడు అడగనే లేదు. ఏది నయమో తెలియలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

"మేడపేట," అన్నాను. "ధ్రువీకరించమని అడగకు. మేడపేట, మేడపేట, మేడపేట."

చొక్కా ఉతికి ఆరేశాను. గడ్డం గీసుకున్నాను. రేపు వాడు ప్లాట్‌ఫారం మీద కూర్చుని, బండి పోతుంటే చూడాలి. నేను పక్కన నిలబడి వాణ్ణి చూడాలి. నేను అడిగింది ఇంతే.

4

ఈ రోజు వదిలిన పేట: మేడపేట. అక్కడ నిలబడింది: సాయిలు.

వాడు లేడు.

మేడపేట ప్లాట్‌ఫారం మీద గచ్చు అద్దంలా ఉంది. కుర్చీలకు మెత్తలు. బండి ఆగకుండా పోవడం ఆ పేట మొట్టమొదటిసారి చూసింది. అందరూ నోళ్లు తెరిచి నిలబడ్డారు. ఒకాయన చేతి గడియారం చూసుకుని, బండి వైపు చెయ్యి ఊపాడు, పనివాణ్ణి పిలిచినట్టు. బండి పోయింది. ఆయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

ఇంకెప్పుడైనా అయితే కడుపు నిండా నవ్వేవాణ్ణి.

"నరహరి ఏడీ?" అని అడిగాను.

చెయ్యి ఊపినాయన, నరహరి పక్కింటాయనే, నన్ను కిందికీ మీదికీ చూశాడు. "నువ్వేనా సాయిలు? మీ బావ నీకంటే తెలివైనవాడయ్యా. పోయిన వారమే వెళ్లిపోయాడు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. 'సాయిలు ఉన్నంతకాలం మేడపేటలో నాకు బండి దొరకదు. వంతుతో పనిలేదు, రోజూ మనల్నే వదులుతాడు. నేనైతే అదే చేస్తాను' అన్నాడు."

"ఏమన్నడు? మల్ల చెప్పు."

"నేనైతే అదే చేస్తాను అన్నాడు."

పొద్దంతా ఆ మెత్తల కుర్చీల పక్కన నిలబడ్డాను. కూర్చోలేదు. మేడపేట వాళ్లు ఫిర్యాదులు రాసుకొచ్చి ఇచ్చారు. తీసుకున్నాను. ఒకామె అడిగింది: "రేపు కూడా ఇంతేనా?" "రేపు వేరేవాళ్ల వంతమ్మా. మీకు మల్ల వచ్చేదాక బండి ఆగుతది," అన్నాను. ఆమె నమ్మలేదు. ఇన్నేళ్లు వంతు అంటే ఏమిటో చూడని మనుషులు.

ఉతికిన చొక్కా దండగైంది.

5

ఈ రోజు వదిలిన పేట: సున్నపుపేట. అక్కడ నిలబడింది: సాయిలు.

సున్నపుపేట గురించి రాయడానికేమీ లేదు. మంచివాళ్లు. గొడవ చేయలేదు. నా బుర్ర అక్కడ లేదు.

సాయంత్రం వచ్చి కూర్చున్నాను.

"రేపు కుండలపేట వంతు," అన్నాను. నా పేట. ఇల్లు వదిలి ఈ గదిలోకి వచ్చినా అది నా పేటే. "ఎవలున్నరు?"

"డయాలసిస్ పాసు ఉన్నవారు ఒకరు. నరహరి గారు."

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. మొన్న పాసు మీద రాసున్న పేట చూసి మేడపేట అందట, నిన్న వాడు అక్కడ లేకపోయేసరికి పాసు ఎక్కడ గీస్తున్నారో వెతికిందట. వారం నుంచి కుండలపేటలోనే గీస్తున్నారట. అక్కడ జంగమ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పేటలో పేరు రాజయ్య. మాట పడిపోయిందని చెప్పుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడడట. తలకు మఫ్లరు.

అప్పుడు అర్థమైంది. నేను మేడపేటను రోజూ వదులుతాననుకున్నాడు. నా సొంత పేటను ఎప్పటికీ వదలననుకున్నాడు. లోపట్నం మొత్తంలో తనకు భద్రమైన చోటు నా ఇంటి సందే అని లెక్కేశాడు. వాడు తన పేటను ఎలా చూసుకున్నాడో నేనూ నా పేటను అలాగే చూసుకుంటానని. గొంతు విప్పితే కుండలపేటలో ప్రతి ఒక్కరూ గుర్తుపడతారు కాబట్టి మూగవాడయ్యాడు.

మొదట నవ్వాను. తర్వాత బల్ల మీద గుద్దాను. నన్ను తనలాంటివాడే అనుకున్నాడు. తిట్టినా ఇంత మండేది కాదు.

"దీపాలపేటవారు వంతు మార్చుకోవడానికి ఒప్పుకున్నారు," అంది మిషనమ్మ. "అడగక ముందే చెప్పారు. మీ సొంత పేట కదా అని మర్యాద కొద్దీ. మార్చమంటారా?"

మిషనమ్మ తొందరపెట్టలేదు. దానికి ఆ గుణం ఉంది.

మార్చితే వాడు బండి ఎక్కుతాడు. కిటికీ దగ్గర కూర్చుని, చూశావా, నేననుకున్నట్టే జరిగింది అనుకుంటాడు.

"వద్దు," అన్నాను. "కుండలపేట."

అడిగాను. తెలుసుకున్నాను. తెలిసే వదిలాను. వాడు తెలుసుకోకుండా వదిలాడు. ఇందులో ఏది పెద్దదో, వింటున్నవాళ్లు మీరే తేల్చుకోండి. నేను సిగ్గుపడను.

ఒక్క మాట మాత్రం రాస్తాను. కుండలపేటలో తోపుడు ట్రాలీ ఉంది. కిష్టవ్వ పోయిన తర్వాత పేట వాళ్లంతా కలిసి చేయించుకున్నారు. బండి ఆగని రోజున రోగిని దాని మీద పడుకోబెట్టి, పక్క పట్టా మీద ఆసుపత్రి పేట దాకా తోస్తారు. ఆ ట్రాలీకి ఒక కట్టుబాటు ఉంది. అది వాడికి తెలియదు. నాకు తెలుసు.

6

ఈ రోజు వదిలిన పేట: కుండలపేట. అక్కడ నిలబడింది: సాయిలు. అక్కడ ఉన్నది: నరహరి.

నేను వెళ్లేసరికి వాడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఏ బెంచీయో చెప్పనక్కర లేదు. కుండలపేటలో బెంచీ ఒక్కటే. కాళ్లు కుండల్లా వాచి ఉన్నాయి. మొహం ఉబ్బింది. మఫ్లరు ముక్కు దాకా కట్టుకున్నాడు. చేతులు మాత్రం అవే. చూపుడు వేలితో బొటనవేలు గోరును గోకుతూ ఉంటాడు. నా పెళ్లిలో కూడా అలాగే కూర్చున్నాడు.

నన్ను చూశాడు. వేలు ఆగిపోయింది.

అప్పుడే బండి వచ్చింది. లైట్లు వేసుకుని, నిండుగా, మా ముందు నుంచి పోయింది. ఆగలేదు. వాడు బండిని చూడలేదు. నన్నే చూస్తున్నాడు. ఈ ముసలాడు తన పేటను తనే వదిలాడా అని. ఆ చూపు కోసమే ఇన్నాళ్లు బతికానని అనిపించింది. రాయడానికి వెనకాడను. చల్లగా ఉంది కడుపులో.

జంగమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ట్రాలీ పని చూసేది ఆమే. నాకు వరసకు వదిన.

"ఏమయ్యా సాయిలూ, మన పేటను నువ్వే వదిలినవా? దీపాలపేటోళ్లు మార్చుకుంటమన్నరట గద!"

"మన వంతు వదినె."

"వంతు ఉంటే వంతు. ఈ రాజయ్య సంగతేంది? ఇయ్యాల రక్తం కడిగించుకునే రోజు. చూడు మనిషి ఎట్ల ఉబ్బిండో. నీకు కనికరం లేదా?"

"ట్రాలీ ఉన్నది గదా."

"ఉన్నది తియ్యి. నీ కన్న అదే నయం." వెనక్కి తిరిగి కేక వేసింది. "ఇగ రండ్రి! తోసెటోళ్లు రండ్రి!"

ఆరుగురు వచ్చారు. నూలుపేట ఓదెలు కూడా ఉన్నాడు. చెల్లెలి ఇంటికి వచ్చి చిక్కుకున్నాడు. నరహరిని లేపి ట్రాలీ మీద కూర్చోబెట్టారు. మెత్తగా కూర్చోబెట్టారు. జంగమ్మ తన దుప్పటి మడిచి వాడి నడుము కింద పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను.

సొరంగం మూతి దగ్గరికి తోసుకుని వెళ్లి ఆపారు. జంగమ్మ వంగి వాడి చెవిలో చెప్పింది.

"రాజయ్యా, ఇప్పుడు నీ పేరు చెప్పాలె. గట్టిగ. అవుతలి పేటోళ్లు విని, ముందలి పేటకు పంపుతరు. పేరు ఇంటెనే వాళ్లు గేటు తీస్తరు, తోసెటోళ్లు తయ్యారుంటరు. పేటపేటకు చేతులు మారుతయ్. నీ నోటితోనే చెప్పాలె. ఎన్కట ఎవలో పీనుగును పెట్టి తోసిండ్రు, ఇంకెవలో బియ్యం మూటలు పెట్టి తోసిండ్రు. అప్పటి సంది గిట్ల పెట్టుకున్నం."

వాడు తల అడ్డంగా ఊపాడు. గొంతు చూపించాడు.

"అయ్యో, నీకు మాట లేదు గదా. మాట లేకుంటే చుట్టమన్న చెప్పాలె. నీకు ఈడ చుట్టం ఎవలున్నరు?"

వాడు నా వైపు చూశాడు. ఆ ఉబ్బిన కళ్లలో ఏముందో నేను రాయలేను. బతిమాలడం అంటారు కాబోలు. నేను నోరు విప్పి రాజయ్య అంటే చాలు. బంధువు చెప్పిన పేరు చెల్లుతుంది. వాడు ఆసుపత్రికి పోతాడు, మళ్లీ మూగవాడై వస్తాడు, రేపు ఇంకో పేటలో ఇంకో పేరు.

"నన్నేం చూస్తవు?" అన్నాను. "నీ పేరు నువ్వే చెప్పు."

"ఓ సాయిలూ! మూగ మనిషిని పట్టుకొని ఏం మాట్లాడుతున్నవ్?" జంగమ్మ నా భుజం మీద కొట్టింది.

"మూగ లేదు, ఏం లేదు. చెప్తడు. ఆగు."

ఆగాం. ఎంతసేపో నేను చూడలేదు. వాడి ఊపిరి ఈల వేస్తోంది. తోసేవాళ్లు పిడుల మీద చేతులు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చివరికి వాడు మఫ్లరు కిందికి లాగాడు.

"నరహరి," అన్నాడు. గొంతు లోపలే.

సొరంగం అవతల నుంచి కేక వచ్చింది. "ఇనబడలే! ఎవలు? గట్టిగ చెప్పు!"

వాడు కళ్లు మూసుకున్నాడు. ఊపిరి పీల్చాడు. అప్పుడు వచ్చింది ఆ గొంతు. జబ్బు దాన్ని ముట్టుకోలేదు. నెయ్యి పోసినట్టే ఉంది.

"నరహరి! మేడపేట నరహరి!"

ప్లాట్‌ఫారం మీద కుండలకు రంగు వేస్తున్న వాళ్ల చేతులు ఆగిపోయాయి. ఒక పిల్ల తల్లి కొంగు వెనక్కి పోయింది. ఓదెలు పిడి మీద నుంచి చెయ్యి తీశాడు. మిగతా అయిదుగురూ తీశారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని వాడికి అనిపించి ఉంటుంది.

జంగమ్మ వాడి నడుము కింద దుప్పటి వైపు చూసింది. లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. నా వైపు తిరిగింది.

"సాయిలూ, నువ్వు జెప్పు. కిష్టవ్వ నీ పెండ్లాం. తొయ్యమంటే తోస్తం. వద్దంటే ఈడ్నే వదిలి కుండలు చేసుకుంటం. నువ్వు ఏది చెప్తే అది."

అంతా నన్నే చూశారు. వాడు కూడా.

ఈ మాట కోసం ఎన్ని రోజులు ఎదురు చూశానో లెక్క పెట్టుకోలేదు. ట్రాలీ దగ్గరికి వెళ్లాను. వాడి మొహం మీదకి వంగాను.

"బావా," అన్నాను.

"బావా," అన్నాడు. "నన్ను చంపకు."

"నేను చంపుత అన్లే. ఒక్కటే అడుగుత. ఆ దినం ఈ పేటను వదిలినవు గదా, ఎవలున్నరు ఆడ అని మిషనమ్మను అడిగినవా?"

"ఆ సంగతులు ఇప్పుడెందుకు బావా..."

"అడిగినవా?"

వాడు పేట వాళ్ల వైపు చూశాడు. బొటనవేలి గోరును గోకాడు. "అడగలే," అన్నాడు.

"ఎందుకు?"

"అడిగితే... ఎవరో ఒకరు ఉంటరు. ఎప్పుడూ ఉంటరు. అడిగితే బండి ఆపాల్సొస్తది. చుట్టాలందరూ ఎక్కి కూసున్నరు. అందుకే అడగలే."

"నీ చెల్లె ఉండె. నీ గొంతు ఇని, మా అన్న వచ్చిండని కళ్లు తెరిచింది."

ఇది వాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను ఈ రోజు కోసం దాచుకున్నాను. వాడి మొహం చూస్తూ చెప్పాను, నిదానంగా, ఒక్కో మాట విడిగా. వాడి నోరు తెరుచుకుంది గానీ ఆ నెయ్యి గొంతులో నుంచి ఏమీ రాలేదు. నిజంగా మాట పడిపోయినట్టయింది.

వెనక్కి జరిగాను.

"తొయ్యండ్రి," అన్నాను.

"నిజంగనా?" ఓదెలు అడిగాడు.

"తొయ్యండ్రి. చావనియ్యద్దు. ముందలి పేటోళ్లకు గూడ చెప్పుండ్రి, సాయిలు జాగ్రత్తగ తొయ్యమన్నడని."

అప్పుడు సొరంగం మూతిలో నేనే నిలబడి కేక వేశాను. "మేడపేట నరహరి వస్తుండూ! పాత నీరటి! చేతులు మార్చుండ్రి!" అవతలి పేట వాళ్లు అందుకున్నారు. వాళ్ల అవతలి వాళ్లు అందుకున్నారు. దూరం పోయేకొద్దీ కేక సన్నబడింది గానీ ఆగలేదు. పాలపేట, నూలుపేట, సున్నపుపేట, దీపాలపేట. వాడు వదిలిన పేటలన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. ప్రతి పేటలో జనం పనులు వదిలి పక్క పట్టా దగ్గరికి వచ్చి నిలబడతారు. వాడి పేరు వాడికన్నా ముందు పోయింది.

వాళ్లు పళ్లు బిగబట్టుకుని తోస్తారు. నాకు నా జనం తెలుసు. తిడుతూ తోస్తారు, ఉమ్మేస్తూ తోస్తారు, తోయడం మాత్రం ఆపరు. ఒక్కో పేటలో ఒక్కో మనిషి చేతి కింద వాడు బతకాలి. నేను ఇంతకంటే పెద్ద శిక్ష ఆలోచించలేకపోయాను. ఆలోచించడానికి చాలా టైము దొరికింది కూడా.

జంగమ్మ నా పక్కన వచ్చి నిలబడింది. ట్రాలీ చక్రాల చప్పుడు వినబడకుండా పోయేదాకా ఆగింది.

"కనికరం ఉన్నట్టే ఉన్నది నీకు," అంది.

"లేదు వదినె."

ఆమె నా మొహం చూసింది. "లేదు," అని ఒప్పుకుంది. "నా దుప్పటి పోయె."

ఎవరూ లేని బెంచీ పక్కన పొద్దు గడిచేదాకా నిలబడ్డాను. కట్టుబాటు అది.

7

ఈ రోజు ఏ పేటనూ వదల్లేదు, నాలుగు రోజులుగా ఇంతే. తూర్పు సొరంగంలో నీళ్లు దిగాయి. బండ్లన్నీ పాత దారిన తిరుగుతున్నాయి. మిషనమ్మ "సాయిలు గారూ, ఈ రోజు మిమ్మల్ని ఏమీ అడగనక్కరలేదు" అంది. "అయితే ఊకో," అన్నాను.

నరహరి బతికాడు. ఆసుపత్రి పేటకు చేరేసరికి స్పృహలోనే ఉన్నాడట. పాలపేటలో మూత విసిరినామె ట్రాలీ ఆపించి, వాణ్ణి బాగా చూసి, నోట్లో మజ్జిగ పోసి పంపిందట. నూలుపేట వాళ్లు మేళం వాయించారట. అది మాత్రం నేను చెప్పలేదు.

నిన్న మేడపేట పక్కింటాయన ఈ గదికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నరహరి పంపాడు. మళ్లీ మేడపేటలోనే ఉంటున్నాడట. గది తలుపు తీయడట.

"ఆ ఒక్క పేజీ పుస్తకంలో నుంచి తీసేయమని అడుగుతున్నాడు. జరిగిందేదో జరిగింది, మీ బావే కదా అంటున్నాడు. ఏం చెప్పమంటావు?"

"ఇంకేమన్నడు?"

"అసౌకర్యానికి..." అని ఆగిపోయాడు. వాక్యం పూర్తి చేయకుండా ఉండేంత బుద్ధి ఉంది ఆయనకు.

"పేజీ తీసెయ్యడం నా చేతుల లేదు," అన్నాను. "నా చేతుల ఉంటే ఇంకో పేజీ కలుపుదును. పోయి చెప్పు, కిష్టవ్వ మొగడు అడిగిండని. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పు. శానా ఏండ్లు బతకాలె."

ఆయన వెళ్లిపోయాడు. నేను కిష్టవ్వ ఫోటో వైపు తిరిగి కూర్చున్నాను. ఏదైనా అంటుందేమోనని చూశాను. "మా అన్న" అన్నప్పటి మొహమే ఉంది. నేను దాన్ని మార్చలేను. మారిస్తే నా చేతిలో ఏమీ మిగలదు.

చదివే అమ్మా, ఇప్పటిదాకా నిదానంగా చదివావు. ఆరో పేజీ దగ్గర గొంతు తగ్గించకు. వాడు "అడగలే" అన్న చోట ఆగి, అందరూ వినేదాకా ఆగి, అప్పుడు ముందుకు పో.

మేడపేటలో చదివేటప్పుడు మైకులో చదువు. వాడి గదిలోకి వినబడాలి. అయిపోయాక మళ్లీ మొదలుపెట్టి రెండోసారి చదువు.